పక్షుల పెద్దాయన డాక్టర్ సలీం అలీ



మన సంఘం ప్రత్యేక సంచికలో గతించిన మహనీయుల జీవితాలు వేస్తున్నామని, నన్నూ ఒకరిని గురించి రాయమని కార్యదర్శి గారు అడిగారు. మిత్రులు చాలామంది దేశనాయకులను, కవులను ఎంచుకున్నారు. నేను ఎంచుకున్నది పిట్టలను చూస్తూ తొంభై ఏళ్ళు బతికిన ఒక మనిషిని. ఆయనే డాక్టర్ సలీం అలీ. ఆయన్ని ఎందుకు ఎంచుకున్నానో ముందుగా చెప్పాలి.

నేను 1971లో గుమాస్తాగా సర్వీసులో చేరాను. మొదటి కొన్నేళ్ళు ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఒక చిన్న కార్యాలయంలో గడిచాయి. అప్పటికి వేట నేరం కాదు. చలానా కట్టి పర్మిట్ తీసుకుంటే చాలు. ఫలానా బ్లాకులో, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని ఆ పర్మిట్లు రాసిన చేయి నాది. చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు అప్పగించారు. ఆ కాగితం వెనుక ఒక ప్రాణం ఉందన్న ఆలోచన ఇరవై రెండేళ్ళ వయసులో నాకు రాలేదు. ఆ ఆలోచన కలిగించిన మనిషి సలీం అలీ. చిత్రమేమిటంటే ఆయన కూడా తుపాకీతోనే మొదలయ్యారు.

బాల్యం

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పది మంది సంతానంలో చివరివారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళ వయసులో తల్లి పోయారు. పిల్లలు లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలందరినీ చేరదీసి పెంచారు. మేనమామ మంచి వేటగాడు. ఇంట్లో తుపాకులు, వేట కబుర్లు మామూలు. మేనల్లుడికి ఒక ఎయిర్‌గన్ కొనిచ్చారు. పెద్దయ్యాక పేరుమోసిన వేటగాడిని కావాలని ఆ పిల్లవాడి కోరిక. చుట్టుపక్కల పిచ్చుకలను కొట్టడం ఆట.

పది పన్నెండేళ్ళ వయసులో ఒకరోజు కొట్టిన పిచ్చుక మెడ కింద పసుపు మచ్చ కనిపించింది. మామూలు పిచ్చుకకు అది ఉండదు. ఇది తినదగినదా కాదా అన్న సందేహంతో పిల్లవాడు దాన్ని మేనమామ దగ్గరికి తీసుకువెళ్ళాడు. అది ఏ పిట్టో ఆయనకూ తెలియలేదు. తెలియదని ఊరుకోలేదు, కసిరి పంపలేదు. తాను సభ్యుడిగా ఉన్న బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి ఒక పరిచయ ఉత్తరం రాసి, పిట్టతో సహా అక్కడికి పంపారు.

అక్కడ గౌరవ కార్యదర్శి మిల్లర్డ్ అనే ఇంగ్లీషు దొర. బెరుకుగా నిలబడిన పిల్లవాడిని కూర్చోబెట్టి, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పారు. బీరువాల్లో వరుసగా పెట్టిన పక్షులను ఒక్కొక్కటిగా చూపించారు. చర్మం ఒలిచి, పాడుకాకుండా భద్రపరచడం, చీటీ మీద ఊరు, తేదీ రాసి కట్టడం నేర్పించారు. చంపిన పిట్టకు ఒక పేరు, ఒక రికార్డు ఉంటాయని ఆ పిల్లవాడికి ఆ రోజు తెలిసింది. మనవంటి గుమాస్తాలకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. పేరు, తేదీ పడ్డాకనే కదా ఏ విషయమైనా లెక్కలోకి వచ్చేది!

డిగ్రీ లేని చదువు, ఊడిన ఉద్యోగం

చదువులో ఆయన అంతంతమాత్రమే. తీవ్రమైన తలనొప్పులతో బడి మధ్యలో ఆగింది. 1913లో ఎలాగో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. తర్వాత బర్మాలోని తవాయ్ ప్రాంతానికి వెళ్ళి అన్నగారి గనుల వ్యాపారం, కలప వ్యాపారం చూశారు. వ్యాపారం కంటే అక్కడి అడవుల్లో పిట్టల వెంట తిరగడమే ఎక్కువ. తిరిగి వచ్చి వాణిజ్య చట్టం, అకౌంటు పద్దులు నేర్చుకున్నారు. జంతుశాస్త్రం కూడా చదివారు గాని విశ్వవిద్యాలయ పట్టా మాత్రం లేదు. 1918 డిసెంబరులో తెహ్మీనా బేగంతో వివాహమైంది.

పట్టా లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే శాఖలో ఉద్యోగం దొరకలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉద్యోగం వచ్చింది. నెలకు 350 రూపాయల జీతం. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో ష్ట్రేజమాన్ అనే మహాపండితుడి వద్ద పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. 1930లో తిరిగి వచ్చేసరికి నిధులు లేవని ఆ పోస్టే తీసేశారు. పోస్టు రద్దయిన ఉద్యోగి ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో మనలో కొందరికి అనుభవమే.

దంపతులు బొంబాయి వదిలి సముద్రం ఒడ్డున కిహిం అనే పల్లెలో కాపురం పెట్టారు. అక్కడ గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. పని లేని మనిషి రోజుల తరబడి వాటినే చూశారు. మగపిట్ట సగం గూడు కట్టి ఆడపిట్టను పిలుస్తుందని, అది వచ్చి చూసి నచ్చితేనే కాపురానికి ఒప్పుకుంటుందని, అప్పుడు గూడు పూర్తిచేసి మగపిట్ట మరో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుందని గమనించి రాశారు. ఉద్యోగం పోయిన ఆ నెలల్లో రాసిన వ్యాసమే ఆయనకు శాస్త్రజ్ఞుడిగా పేరు తెచ్చింది. తుపాకీ పేల్చకుండా ఊరికే కూర్చుని చూడటంలో ఎంత విద్య ఉందో దానితో తేలింది.

నిజాం రాజ్యంలో

తర్వాత ఆయన సంస్థానాలకు ఒక ప్రతిపాదన పంపారు. తనకు జీతం వద్దు, డేరాల ఖర్చు, ప్రయాణం ఖర్చు భరిస్తే ఆ రాజ్యంలోని పక్షులన్నింటికీ లెక్క రాసిపెడతానని. హైదరాబాదు సంస్థానం ఒప్పుకుంది. 1931-32లో భార్యాభర్తలిద్దరూ నిజాం రాజ్యం అడవుల్లో డేరాలు వేసుకుని తిరిగారు. డేరా వ్యవహారమంతా తెహ్మీనా బేగం చూసుకునేవారు. ఆ రోజుల్లో మన ఖమ్మం, పాల్వంచ తాలూకాలు ఆ సంస్థానంలోవే. గోదావరి దాటితే భద్రాచలం మద్రాసు రాజ్యంలోది. ఆ సర్వే ఫలితాలు సొసైటీ పత్రికలో వరుసగా అచ్చయ్యాయి. తెలుగు నేలలో ఎన్ని రకాల పిట్టలున్నాయో తెలుసుకోవాలనుకునేవారు నేటికీ దాన్ని తిరగేస్తారు.

ఒక సంగతి దాచకూడదు. ఆ సర్వేలలో ఆయన వేల పక్షులను కాల్చి చంపారు. శాస్త్రానికి అది తప్పదని ఆయన అభిప్రాయం, దాన్ని ఆయన ఎన్నడూ దాచలేదు. ఆయనకు గిట్టనిది గొప్ప కోసం చంపడం, లెక్కలేకుండా చంపడం. ఈ తేడా పట్టుకుంటేనే ఆయన జీవితం మనకు అర్థమవుతుంది.

1939లో చిన్న శస్త్రచికిత్స తర్వాత తెహ్మీనా బేగం మరణించారు. పిల్లలు లేరు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, అక్క ఇంట్లో ఉంటూ పనిలో పడ్డారు. 1941లో భారతదేశపు పక్షుల మీద బొమ్మలతో వచ్చిన ఆయన పుస్తకం ఎన్నోసార్లు మళ్ళీ మళ్ళీ అచ్చయింది. అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథం 1968 నుంచి 1974 వరకు వెలువడింది. అది పూర్తయ్యేనాటికి ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు. మన వయసువారు ఈ సంగతి గమనించాలి.

వేటను నిలిపిన రోజులు

రాజస్థాన్‌లో భరత్‌పూర్ వద్ద ఒక పెద్ద మడుగు ఉంది. చలికాలంలో ఎక్కడెక్కడి దేశాల నుంచో బాతులు వచ్చి దిగుతాయి. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో, ఆయన అతిథులు అక్కడ ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చారు. ఆ అంకె రాతిమీద చెక్కించి పెట్టుకున్నారు. సరిగ్గా అదే రోజు సలీం అలీకి నలభై రెండేళ్ళు నిండాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఆ మడుగును ఎండగట్టి సేద్యానికి ఇవ్వాలని ఒత్తిడి వచ్చింది. ఆయన నెహ్రూ గారికి నచ్చజెప్పి దాన్ని నిలబెట్టారు. 1985లో అది ప్రపంచ వారసత్వ స్థలమయింది. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ఆనకట్ట ముంపు నుంచి కాపాడటంలోనూ ఆయన మాటకు విలువ ఇచ్చారు.

ఇక తోడేలు వంటి మృగాల సంగతి మరీ ఘోరం. బాతును సరదాకు చంపితే, తోడేలును చంపినవారికి బ్రిటిషు ప్రభుత్వమే బహుమానం ఇచ్చేది. తోక, చర్మం తెచ్చి చూపితే ఖజానా నుంచి రొక్కం. 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్ళలో ఇలా 2,00,000కు పైగా తోడేళ్ళను, 80,000కు పైగా పులులను చంపారని చరిత్రకారుల లెక్క. ఆ బహుమానాలకూ రిజిస్టరు రాసిన గుమాస్తాలు ఎవరో ఉండే ఉంటారు.

1972 సెప్టెంబరు 9న వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. సలీం అలీ వంటివారు ఏళ్ళ తరబడి పోగుచేసిన లెక్కలు, చేసిన విజ్ఞప్తులు లేకపోతే ఏ జంతువును ఏ షెడ్యూలులో పెట్టాలో తెలిసేది కాదు. తోడేలు నేడు మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళకు తక్కువ కాకుండా జైలు.

మా మేనమామ

చట్టం మన రాష్ట్రంలో అమలులోకి వచ్చినప్పుడు మా కార్యాలయంలో ఒక కొత్త రిజిస్టరు తెరిచారు. ఎవరి ఇంట్లో జంతు చర్మాలు, కొమ్ములు ఉన్నా ముప్పై రోజుల్లో తెలియజేయాలి. ఆ రిజిస్టరు నా చేతికి వచ్చింది. దుప్పి కొమ్ములు, చిరుత చర్మాలు, కణుజు తలలు. నేను అంతకు ముందు రాసిన పర్మిట్లే ఇప్పుడు మరో పేరుతో తిరిగి వస్తున్నట్టు అనిపించింది.

గడువు దాటిన కొన్ని నెలలకు మా మేనమామ వచ్చారు. ఆయనది జిల్లాకు పడమటివైపు మెట్ట పల్లె. తోడేలు దట్టమైన అడవిలో ఉండదు, గొర్రెలు మేసే అలాంటి బీళ్ళలోనే ఉంటుంది. మన భద్రాచలం అడవుల్లో గుంపులుగా తిరిగేది రేచుకుక్క. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. మామయ్యకు లైసెన్సు తుపాకీ ఉండేది. ఊరి గొల్లల మందలో గొర్రెలు పోతున్నాయని కాపు కాసి ఒక తోడేలును కొట్టారు. ఆ చర్మాన్ని వసారాలో వేలాడదీయాలని ఆయన కోరిక. గడువులోగా తెలియజేసినట్టు పాత తేదీతో ఒక వరుస రాయమన్నారు. నన్ను హైస్కూలు దాకా చదివించింది ఆయనే.

నేను రాయలేదు. అలాగని పైవారికి చెప్పనూ లేదు. రిజిస్టరు మూసి, భోజనానికి ఇంటికి రమ్మని పిలిచాను. ఆయన రాకుండానే బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు మా ఇంటి గడప తొక్కలేదు. మా అమ్మ చనిపోయినప్పుడు వచ్చి అరుగు మీదే కూర్చుని వెళ్ళారు. గొర్రెలు పోగొట్టుకున్నవాడి కష్టం నాకు తెలియనిది కాదు. పాత తేదీ వేస్తే నాకు జరిగే నష్టమూ పెద్దగా ఉండేది కాదు. అయినా చేయి కదలలేదు. అది ధైర్యమో, ఉద్యోగ భయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

1987 జూన్ 20న సలీం అలీ తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూశారు. పత్రికల్లో ఆయన జీవిత విశేషాలు వచ్చాయి. పిచ్చుక కథ నేను మొదట చదివింది అప్పుడే. పేపరు మడిచి సంచిలో పెట్టుకుని ఆదివారం మామయ్య ఊరు వెళ్ళాను. అప్పటికి ఆయనకు కళ్ళు సరిగా కనపడవు. పక్కన కూర్చుని చదివి వినిపించాను. పిట్ట పేరు తెలియని మేనమామ ఉత్తరం రాసి పంపిన భాగాన్ని మళ్ళీ ఒకసారి చదవమన్నారు. చదివాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ తోడేలు చర్మం రెండు వానాకాలాలు గడవకముందే పురుగు పట్టిందని, పెంటకుప్పలో వేయించానని చెప్పారు. ఆ రాత్రి అక్కడే భోజనం చేసి పడుకున్నాను.

కలివి కోడి

మన భద్రాచలానికి సంబంధించిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను. కలివి కోడి అని ఒక పిట్ట ఉంది. కలివి పొదల మధ్య రాత్రిపూట పరుగులు తీస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇది పెన్నా లోయలోనూ, మన గోదావరి లోయలో భద్రాచలం దగ్గరా కనిపించినట్టు దొరల పుస్తకాల్లో నమోదైంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

సలీం అలీ ఆశ వదులుకోలేదు. సొసైటీ వారు బొమ్మలు పట్టుకుని పల్లెపల్లెకూ తిరిగి అడిగారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె ప్రాంతంలో, రాత్రిపూట టార్చి వెలుగులో పిట్టలు పట్టే ఒక వేటగాడికి అది దొరికింది. ఆ పక్షి ఎక్కువసేపు బతకలేదు. కాని జాతి బతికే ఉందని రుజువైంది. సలీం అలీ కళ్ళ ముందే 86 ఏళ్ళ ఆ వెతుకులాట ఫలించింది. ఆ చుట్టుపక్కల 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ దారిని కూడా ఈ పిట్ట కోసం మళ్ళించారు. పెద్ద చదువులవారు కనుక్కోలేని దాన్ని చూపించినది పిట్టలు పట్టి బతికే మనిషి. అతడి విద్య అదే, వాడిన తీరు మారింది.

పట్టా లేని సలీం అలీకి 1978లో మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పద్మభూషణ్, పద్మవిభూషణ్ వచ్చాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ చేశారు. బహుమతిగా వచ్చిన డబ్బును ప్రకృతి రక్షణ నిధికి ఇచ్చారు.

నేను పనిచేసిన ఆ ప్రాంతంలో 1977లో కిన్నెరసాని అభయారణ్యం ఏర్పడింది. 635 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు పర్మిట్లు రాసిన అడవుల దగ్గర ఇప్పుడు మనవలతో పడవ ఎక్కి జింకలను చూపిస్తున్నాను. తోడేళ్ళు మాత్రం దేశం మొత్తం మీద మూడు వేల సుమారే మిగిలాయని అంచనా. వాటికి అడవికంటే బీడు ముఖ్యం. బీళ్ళు ప్లాట్లుగా మారిపోతున్నాయి. కాపాడటం తేలికని నేను అనను. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రైచ్ జిల్లాలో తోడేళ్ళు పసిపిల్లలను పొట్టన పెట్టుకున్నాయి. గొర్రె పోయిన కాపరికి నష్టపరిహారం ఆలస్యం లేకుండా అందితేనే తోడేలు బతుకుతుంది. ఆ ఫైలు కదిలించేది నేటి గుమాస్తాలే గనుక, సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఈ మాట చెప్పండి.

పిల్లవాడు ఒక పిట్టను తెచ్చి ఇదేమిటని అడిగితే తెలియదని కసరకండి. తెలిసినవారి దగ్గరికి పంపండి. ఒక మేనమామ ఒకసారి రాసిన చిన్న ఉత్తరం ఎంతదూరం వెళ్ళిందో చూశాం కదా.